ఫిషర్మన్స్ వార్ఫ్‌లో మంచి చొపీనో ఎక్కడ తినాలి, ఎప్పుడు తినాలి?

ప్రశ్న: మేము కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌లో ఉంటాము. మా అత్తయ్యగారు, మామయ్యగారు దసరాకు ముందు కాకినాడ నుంచి వచ్చారు, ఫిబ్రవరి చివరి వరకు మా దగ్గరే ఉంటారు. ఇద్దరికీ చేపలన్నా పీతలన్నా ప్రాణం. శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లినవాళ్లు చొపీనో (టమాటా రసంలో పీతలు, చేపలు, గుల్లలు వేసి వండే అక్కడి పులుసు) తినకుండా రాకూడదని స్నేహితులు చెబితే, అక్టోబరులో ఒక ఆదివారం ఆ ఊరి పాత చేపల రేవు అయిన ఫిషర్మన్స్ వార్ఫ్‌లో నీళ్ల పక్కనే ఉన్న ఒక రెస్టారెంటుకు తీసుకువెళ్లాము. పలచటి టమాటా రసంలో ఎంత నమిలినా తెగని స్క్విడ్ ముక్కలు, నోరు తెరవని గుల్లలు, పేరుకు రెండు పీత కాళ్లు వచ్చాయి. నలుగురికి బిల్లు 200 డాలర్లు దాటింది. మామయ్యగారు అక్కడ ఏమీ అనలేదు కానీ, మరునాడు పొద్దున్న కాఫీ తాగుతూ “ఇక్కడి జాలర్లు తినే కూర ఇదేనా అమ్మా?” అని అడిగారు. వాళ్లు వెళ్లేలోపు ఒక్కసారైనా మంచి చొపీనో తినిపించాలని ఉంది. మళ్లీ వార్ఫ్‌కే వెళ్లాలా, ఇంకెక్కడికైనా వెళ్లాలా? అత్తయ్యగారికి వేళ్ల నొప్పులున్నాయి, పెంకులు పగలగొట్టి తినలేరు. ఇంట్లో చేసుకోవడం కుదురుతుందా?

జవాబు: ముందు మీకు కావలసింది చెప్పి, కారణాలు తరువాత చెబుతాను. పీతల వేట మొదలైందని రూఢి చేసుకున్నాక, జనవరి రెండో సగంలో, శని ఆదివారాలు కాని ఒక రోజు మధ్యాహ్నం వెళ్లండి. నీళ్లు, పడవలు చూస్తూ తినాలని పెద్దవాళ్లకు ఉంటే వార్ఫ్‌లోనే పియర్ 47 (నీళ్లలోకి కట్టిన రేవు కట్టడం) మీద ఉన్న స్కోమాస్ రెస్టారెంటుకు వెళ్లి, పెంకులు తీసి వడ్డించే చొపీనో తెప్పించండి. అత్తయ్యగారి ఇబ్బందికి అంతకన్నా తగినది ఆ చుట్టుపక్కల నాకు కనిపించలేదు. కిటికీలోంచి కనిపించేదానికన్నా గిన్నెలో ఉన్నదే ముఖ్యమనుకుంటే, వార్ఫ్ నుంచి సుమారు మైలు దూరంలో నార్త్ బీచ్ పేటలోని సొట్టో మారె రెస్టారెంటుకు వెళ్లండి. రెండింటిలో ఒకటే ఎంచుకోమంటే నేను సొట్టో మారె పేరే చెబుతాను. కానీ కాకినాడ నుంచి వచ్చిన మనిషికి చేపల పడవలు కట్టి ఉన్న రేవును చూపించడం కూడా భోజనంలో భాగమే కనుక, మీ విషయంలో స్కోమాస్‌కు కొంచెం మొగ్గు చూపుతున్నాను.

మీకు అక్టోబరులో ఎదురైనదానికి ఆ రెస్టారెంటు ఎంత కారణమో, ఆ నెల కూడా అంతే కారణం. చొపీనోకు ప్రాణం ఈ తీరంలో దొరికే పెద్ద డంజనెస్ పీత. ఆ నెలలో శాన్‌ఫ్రాన్సిస్కో పడవలేవీ ఆ పీతను తీసుకురావు. ఇక్కడ వ్యాపారానికి పట్టే పీతల వేట లెక్క ప్రకారం నవంబరు 15న మొదలై జూన్ 30న ముగియాలి. ఆచరణలో కొన్నేళ్లుగా అలా జరగడం లేదు. పీతల బుట్టలకు కట్టిన తాళ్లలో హంప్‌బ్యాక్ తిమింగలాలు చిక్కుకుపోతున్నందువల్ల, అవి దక్షిణానికి తరలిపోయేదాకా వేటను వాయిదా వేస్తున్నారు. ఈమధ్య సంవత్సరాల్లో తొలి పీత రేవుకు చేరేసరికి డిసెంబరు చివరో, జనవరియో అవుతున్నది. వసంతంలో తిమింగలాలు తిరిగి రాకముందే బుట్టలు పైకి తీయించేస్తున్నారు. అంతకుముందు 2015లో మరో కారణం వచ్చిపడింది. సముద్రపు నాచులో పుట్టే డొమోయిక్ ఆసిడ్ అనే విషం పీతల్లో చేరడంతో ఆ ఏడాది నవంబరులో మొదలు కావలసిన వేట 2016 మార్చి చివరి దాకా మొదలు కాలేదు. నవంబరు చివర వచ్చే థాంక్స్‌గివింగ్ పండుగ బల్ల మీద పీత ఉండి తీరాలనే ఈ ఊరివాళ్లు ఆ ఏడు గొణుగుతూనే గడిపారు. సీత కష్టాలు సీతవి, పీత కష్టాలు పీతవి అని సరిపెట్టుకోవడం తప్ప మనం చేయగలిగింది లేదు. అందువల్ల తేదీ ఖాయం చేసుకునేముందు కాలిఫోర్నియా చేపల, వన్యప్రాణుల శాఖ ఆ ఏటి వేట గురించి ఏమి ప్రకటించిందో చూసుకోండి. వేట మొదలైన తొలి రోజుల్లో పడవలు, జనం, ధర అన్నీ ఒకేసారి ఎగబడతాయి కనుక ఒకటి రెండు వారాలు ఆగడం మేలు.

వేట లేని నెలల్లో కూడా వార్ఫ్‌లో ప్రతి మెనూలోనూ పీత కనిపిస్తుంది. అది ఉడికించి గడ్డకట్టించి నిలవ చేసిన పీతో, మరో చోటి నుంచి వచ్చినదో అయి ఉంటుంది. గడ్డకట్టించినదంతా పాడైనదని నేను అనను, శ్రద్ధగా నిలవ చేసిన పీత కండ బాగానే ఉంటుంది. కానీ పెంకుతో సహా గడ్డకట్టించిన కాళ్లను మళ్లీ మరుగుతున్న రసంలో వేస్తే వాటిలోని నీరు రసంలోకి దిగి, కండ పీచుగా మిగిలిపోతుంది. మీ గిన్నెలో రసం పలచబడడానికి అదొక కారణమై ఉండవచ్చు.

ఇక మామయ్యగారి ప్రశ్నకు వస్తాను. ఇక్కడి జాలర్లు తిన్నది అది కాదు, కానీ దాని పూర్వరూపం వాళ్లదే. 19వ శతాబ్దం రెండో సగంలో ఇటలీలోని జెనోవా ప్రాంతం నుంచి వచ్చి ఈ అఖాతంలో చేపలు పట్టిన కుటుంబాలు తమ ఊరి చేపల పులుసును ఇక్కడ దొరికిన సరుకుతో వండుకున్నాయి. అమ్ముడుపోని చేపలు, ఆ రోజు వలలో పడ్డ చిల్లరమల్లర, టమాటా, వైన్, వెల్లుల్లి అందులో పడేవి. జెనోవా వాళ్ల తరువాత సిసిలీ వాళ్లు వచ్చారు. టేలర్ స్ట్రీట్ చివర ఇప్పుడున్న రేవు 1900 నుంచి చేపల పడవలకు స్థిరపడింది. ఆ వీధిలోనే 1925లో ఒక చేపల బడ్డీగా మొదలై 1938లో రెస్టారెంటుగా మారిన అలియోటోస్ చొపీనోకు పేరు మోసింది. పాత గైడు పుస్తకాల్లోనూ, ఎప్పుడో వచ్చి వెళ్లిన బంధువుల మాటల్లోనూ ఆ పేరు ఇంకా వినిపిస్తుంది. దాన్ని నమ్ముకుని వెళ్లకండి, కరోనా రోజుల్లో మూతపడ్డ ఆ రెస్టారెంటు మళ్లీ తెరవబోమని 2022లో ప్రకటించింది. టేలర్ స్ట్రీట్‌లో అలాగే మూతపడ్డ పాత పేర్లు ఇంకా ఉన్నాయి.

అంతమాత్రాన వార్ఫ్ అంతా బొమ్మల కొట్లు, చాక్లెట్ దుకాణాలు మాత్రమేనని అనుకోవద్దు. పియర్ 45లో ఈనాటికీ పడవలు సరుకు దింపుతాయి, చేపలు శుభ్రం చేసి ఊరికి పంపే వ్యాపారులు అక్కడే ఉన్నారు. 2020 మేలో ఆ పియర్ మీద పెద్ద షెడ్డు తగలబడినప్పుడు, అందులో దాచుకున్న వేలాది పీతల బుట్టలు బూడిదై, జాలర్లు తరువాతి సీజనుకు నానా అవస్థలు పడ్డారు. చేప ఉంది, పట్టేవాళ్లు ఉన్నారు. చిక్కల్లా మధ్యలో ఉంది. జెఫర్సన్ స్ట్రీట్‌లో బల్ల ముందు కూర్చున్నవారిలో చాలామంది మళ్లీ ఆ గుమ్మం తొక్కరు, ఆ సంగతి వంటగదికి తెలుసు. ప్రతి రోజూ కొత్త జనం తప్పకుండా వచ్చేచోట గిన్నె బాగున్నా బాగోకున్నా బల్లలు నిండుతాయి. పైగా చొపీనో వంటి కూరలో టమాటా, వెల్లుల్లి, వైన్ కలిసి పాతబడ్డ చేప వాసనను చాలావరకు కప్పేస్తాయి. కేవలం నిప్పుల మీద కాల్చిన చేప ముక్కను మామయ్యగారి ముందు పెడితే ఆయన క్షణంలో పసిగడతారు, ఎర్రటి రసంలో అదే పని ఆయనకైనా కష్టం. అందుకే పర్యాటకుల చోట అన్నిటికన్నా జాగ్రత్తగా తెప్పించుకోవలసిన వంటకం ఇదేనని నా అభిప్రాయం.

బాగోగులు తేల్చుకోవాలంటే ఇది ఎలా వండుతారో కొంచెం తెలియాలి. మన పీతల పులుసు పొయ్యి మీద మెల్లగా మరిగి, దింపాక కూడా పులుపు, ఉప్పు, కారం ముక్కకు పట్టాలని ఆగి, మరునాటికి ఇంకా రుచెక్కుతుంది. చొపీనో రెండు వేరు వేరు వేళల వంట. ఉల్లిపాయ, వెల్లుల్లి, ఫెన్నెల్ గడ్డ (సోంపు జాతి మొక్క దుంప) ఆలివ్ నూనెలో మగ్గించి, టమాటా, వైన్, చేపల ముళ్లు కాచిన రసం, బిర్యానీ ఆకు, ఒరెగానో వేసి కాచే ఎసరు నిన్నటిదైనా నష్టం లేదు, నిజానికి నిన్నటిదైతేనే బాగుంటుంది. ముక్కలు మాత్రం మీరు ఆర్డరు చెప్పిన తరువాతే అందులో పడాలి, అదీ వరుస తప్పకుండా పడాలి. గట్టి గుల్లలైన క్లామ్స్, పీత ముందు వెళ్తాయి. నల్ల గుల్లల మస్సెల్స్, చేప ఆ తరువాత. రొయ్యలు, స్కాలప్‌లు, స్క్విడ్ చివరి రెండు మూడు నిమిషాలకు. స్క్విడ్ ఒకటి రెండు నిమిషాలు ఉడికితే మెత్తగా ఉంటుంది, అయిదారు నిమిషాలకు బిగుసుకుపోతుంది, మళ్లీ మెత్తబడాలంటే ముప్పావు గంట ఉడకాలి. మీ పళ్లాల్లో తెగకుండా సాగినవి ఆ రెండు గడువులకూ మధ్య చిక్కుకున్న ముక్కలు. అంటే అన్నీ కలిపి ఒకేసారి పెద్ద గిన్నెలో పడేసి, వచ్చినవాళ్లకు వచ్చినట్టు గరిటెతో వడ్డించారన్నమాట. నోరు తెరవని గుల్లను వంటవాడే ఏరి పారేయాలి. అది బల్ల దాకా వచ్చిందంటే వంటింట్లో ఆ గిన్నెను చూసిన కన్ను లేదని అర్థం.

మంచి గిన్నె మీ ముందుకు వచ్చేసరికి కనీసం పదిహేను ఇరవై నిమిషాలు పడుతుంది. కూర్చున్న అయిదు నిమిషాల్లో వస్తే సంతోషించవద్దు. వచ్చాక ముందు వాసన చూడండి. వెల్లుల్లి, టమాటా వెనక సముద్రపు ఉప్పదనం తెలియాలి, నీచు వాసన రాకూడదు. తరువాత రొట్టె ముక్కతో రసం తీసి చూడండి. అది రొట్టెకు పట్టుకుని నిలవాలి, నీళ్లలా జారి కింద పళ్లెంలోకి కారకూడదు. రంగు మరీ నిండు ఎరుపుగా, రుచి తియ్యగా ఉంటే డబ్బా సాస్‌లో చేప వేశారనుకోవచ్చు. మంచి రసం ఇటుక రంగుకు దగ్గరగా ఉండి, పైన సన్నటి నూనె చుక్కలు తేలుతూ ఉంటుంది. పీతను విరిచినప్పుడు కండ పెంకును వదిలి ఒకే ముక్కగా ఊడి రావాలి. పెంకుకు అతుక్కుని పీచులు పీచులుగా వస్తే అది గడ్డకట్టించినదో, మరీ ఎక్కువ ఉడికినదో అయి ఉంటుంది.

రొయ్యల సంగతి మామయ్యగారితో చెప్పండి, ఆయనకు సరదాగా ఉంటుంది. చాలా రెస్టారెంట్ల చొపీనోలో రొయ్యలు స్థానికమైనవి కావు, చెరువుల్లో పెరిగి గడ్డకట్టి వచ్చినవే. ఎన్నో ఏళ్లుగా అమెరికాకు అందరికన్నా ఎక్కువగా రొయ్యలు పంపుతున్న దేశం మనదే, దేశంలో అందరికన్నా ఎక్కువ పండించేది ఆంధ్రప్రదేశ్. వనామీ రొయ్య పుట్టిల్లు మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరం. 2009లో మన చెరువుల్లోకి అనుమతించిన ఆ రొయ్యే గోదావరి జిల్లాల్లో పెరిగి, గడ్డకట్టి, మళ్లీ పసిఫిక్ ఒడ్డున గిన్నెలో తేలుతున్నది. అందువల్ల శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లి రొయ్యల కోసం డబ్బు పెట్టడంలో మీ ఇంటివారికి కొత్తదనమేమీ ఉండదు. పీతకూ, ఈ తీరపు చేపలకూ పెట్టండి. క్లామ్స్, మస్సెల్స్ కూడా సాధారణంగా వాషింగ్టన్ రాష్ట్రంలోనో కెనడా తూర్పు తీరంలోనో పెంచినవే. అయితే అవి ప్రాణంతో వస్తాయి కనుక వాటితో చిక్కు తక్కువ.

స్కోమాస్ 1965 నుంచి ఉంది. జెఫర్సన్ స్ట్రీట్ సందడి నుంచి పక్కకు తిరిగి పియర్ మీదకు నడిస్తే వస్తుంది. కిటికీల అవతలే పడవలు కట్టి ఉంటాయి, పడవ నుంచి చేపలు దింపుకునే సొంత ఏర్పాటు కూడా ఆ పియర్ మీదే ఉంది. అక్కడి లేజీ మాన్స్ చొపీనోలో పీతను ఒలిచి కండగానే వేస్తారు, గుల్లలు కూడా తీసేస్తారు. గరిటెడు రసంతో పాటు చెంచాతో తినేయవచ్చు. పెంకుతో తినడంలో ఉండే రుచి ఇందులో కొంత తగ్గుతుందనేవాళ్లున్నారు. నిజమే, ఎందుకంటే పెంకు నుంచి రసంలోకి దిగేది చాలా ఉంటుంది. మామయ్యగారికి పెంకులతో ఉన్నది దొరుకుతుందేమో అడగండి, దొరికితే రెండూ తెప్పించి పంచుకోండి. ధర ఎక్కువే. ఇక్కడ మంచి చొపీనో ఎక్కడైనా మనిషికి 40, 50 డాలర్లు కావడం మామూలు, నీళ్ల పక్కన ఇంకాస్త ఎక్కువ. ముందుగా ఫోన్ చేసి కిటికీ పక్క బల్ల అడగడం మరిచిపోవద్దు; ఇస్తామని మాట ఇవ్వరు కానీ, పెద్దవాళ్లు వస్తున్నారంటే చూస్తారు.

సొట్టో మారె వేరే తరహా. గ్రీన్ స్ట్రీట్ మీద ఇరుకైన గది, గోడల నిండా పాత వస్తువులు, పక్క బల్లవాళ్ల మోచేతులు మనకు తగులుతాయి, సముద్రం కనిపించదు. అక్కడ పీత చొపీనో ఇద్దరికి సరిపడా పెద్ద గిన్నెలో వస్తుంది, మెడకు కట్టుకునే ప్లాస్టిక్ గుడ్డ ఇస్తారు, పీతను పెంకుతోనే వేస్తారు. నలుగురికి రెండు గిన్నెలు చాలు. మామయ్యగారు డెక్కలు విరిచి అత్తయ్యగారి పళ్లెంలో వేస్తూ కూర్చుంటే ఆవిడకు ఇబ్బంది ఉండదు, మీరూ సాయపడవచ్చు. వార్ఫ్ నుంచి కొలంబస్ అవెన్యూ మీదుగా ఇరవై నిమిషాల నడక. పెద్దవాళ్లు నడవలేకపోతే టాక్సీకి అయ్యేది వార్ఫ్‌లో పార్కింగ్‌కు అయ్యేదానికన్నా ఎక్కువేమీ కాదు. మా స్నేహితుల్లో కొందరికి ఆ రసం మరీ చిక్కగా అనిపించింది. నాకు మాత్రం రొట్టెతో తినడానికి చిక్కదనమే నచ్చుతుంది.

ఇంకో రెండు చోట్ల పేర్లు చెప్పి ఊరుకుంటాను. కాలిఫోర్నియా స్ట్రీట్‌లోని టాడిచ్ గ్రిల్ 1849లో బంగారం వేట రోజుల్లో క్రొయేషియా వాళ్లు పెట్టిన కాఫీ బడ్డీ నుంచి పెరిగినది. రాష్ట్రంలో నిరంతరాయంగా నడుస్తున్న రెస్టారెంట్లలో అన్నిటికన్నా పాతదని పేరు. ఆఫీసులవాళ్లు రోజూ వచ్చే చోటు కనుక వంట నిలకడగా ఉంటుంది. ఎంబార్కడెరో బార్ట్ (ఇక్కడి నగర రైలు) స్టేషను నుంచి అయిదారు నిమిషాల నడక, నడవడానికి ఇబ్బంది పడేవాళ్లకు అనుకూలం. సెలవు రోజులు ముందే చూసుకోండి. కాస్ట్రో పేటలోని యాంకర్ ఆయిస్టర్ బార్ 1977 నుంచి ఉన్న అతి చిన్న చోటు, చొపీనో బ్రహ్మాండం, కానీ బయట నిలబడి ఎదురు చూడవలసి వస్తుంది. మీ అత్తమామలతో నేనైతే వెళ్లను. పోల్క్ స్ట్రీట్‌లోని స్వాన్ ఆయిస్టర్ డిపో గురించి ఎవరైనా చెప్పి ఉంటే, అది గొప్ప చోటే కానీ చల్లటి పీత, ఆయిస్టర్‌లకు పేరు పడ్డది, చొపీనో కోసం వెళ్లే చోటు కాదు.

ఏదైనా కారణంతో ఇవేవీ కుదరక వార్ఫ్‌లో కొత్త గుమ్మం ముందు నిలబడవలసి వస్తే, లోపలికి వెళ్లకముందే “ఈ రోజు పీత తాజాదా, గడ్డకట్టించినదా? ఎక్కడి నుంచి వచ్చింది?” అని మర్యాదగా అడగండి. మంచి చోట వడ్డించే మనిషి తడుముకోకుండా చెబుతాడు, గడ్డకట్టించినదైతే ఆ మాటే చెబుతాడు. “అంతా తాజాయే” అని నవ్వి ఊరుకుంటే ఇంకో గుమ్మం చూసుకోండి. చొపీనోలో ఏ చేప వేస్తారో కూడా అడగండి. రాక్‌ఫిష్, పెట్రాలే సోల్, హాలిబట్, లింగ్‌కాడ్ వంటి పేరొకటి వినిపించాలి, “తెల్ల చేప” అంటే చాలదు. మెనూలో పిజ్జా, బర్గర్, స్టేక్, సుషీ అన్నీ ఉండి వాటి మధ్య చొపీనో కూడా ఉంటే, రోజుకు ఎన్ని గిన్నెలు అమ్ముడవుతాయో మీరే ఊహించుకోవచ్చు. వీధిలోకి వచ్చి మెనూ కార్డు చేతిలో పెట్టి లోపలికి పిలిచేచోటికి నేను వెళ్లను, దీనికి పెద్ద తర్కమేమీ లేదు.

అప్పటికీ మనసు కుదరకపోతే చొపీనో మానేయండి. వీధి పక్కన ఆవిర్లు కక్కే పెద్ద కాగుల దగ్గర పీతను ఉడికించి, మీ ముందే పగలగొట్టి ఇచ్చే బడ్డీలు కొన్ని టేలర్ స్ట్రీట్ దగ్గర ఇంకా ఉన్నాయి. సీజనులో ఒక పీత, నిమ్మకాయ చెక్క, పుల్లటి సావర్‌డో రొట్టె తీసుకుని నిలబడి తింటే, సగటు రెస్టారెంటు చొపీనో కన్నా అది ఎన్నో రెట్లు మేలు. దాచడానికి రసం లేదు కనుక పీత ఎలాంటిదో వెంటనే తెలిసిపోతుంది. బేరం చేసేముందు ధర పౌనుకా, పీతకా అడగండి. రెండు పౌన్లు తూగే పీతలో తినే కండ సుమారు నాలుగో వంతే.

మన నాలుక గురించి రెండు మాటలు. చొపీనోలో కారం దాదాపు ఉండదు, పులుపు టమాటాది, వైన్‌ది మాత్రమే. ఎండుమిరప తునకలు, నిమ్మ చెక్కలు అడిగితే ఇస్తారు, మొదటి నాలుగు చెంచాలు వాటిని కలపకుండా తిన్నాక కావలసినంత చల్లుకోమని పెద్దవాళ్లకు చెప్పండి. అన్నం ఉండదు. కాల్చిన సావర్‌డోను రసంలో ముంచుకుని తినడమే పద్ధతి, కొన్ని చోట్ల పాస్తా వేసి ఇస్తారు. వైన్ ఎసరులోనే పడుతుంది కనుక అది లేకుండా చేయమంటే కుదరదు. అత్తయ్యగారికి ఆ పట్టింపు ఉంటే వెళ్లకముందే చెప్పి, ఆవిడకు కాల్చిన పెట్రాలే సోల్ వంటిది తెప్పించండి. శాన్‌ఫ్రాన్సిస్కోలో చాలా రెస్టారెంట్లు ఉద్యోగుల ఆరోగ్య ఖర్చుల పేరుతో బిల్లుకు కొంత శాతం కలుపుతాయి, అది టిప్పు కాదు. బార్ట్‌లో ఎంబార్కడెరో దిగి, పైన ఎఫ్ లైన్ పాత ట్రాము ఎక్కితే వార్ఫ్ చేరతారు. కారుతో వెళ్లి పార్కింగు కోసం తిరగడం కన్నా పెద్దవాళ్లకు అదే సరదా. జనవరిలో నీళ్ల మీది గాలి కోత పెడుతుంది, శాలువాలు సరిపోవు, కోట్లు తీసుకువెళ్లండి.

ఇంట్లో చేసుకోవడం తప్పకుండా కుదురుతుంది, కాకినాడ ఇంటివారికి అది రెస్టారెంటు కన్నా బాగా రావచ్చు కూడా. ఫ్రీమాంట్ నుంచి 92 రోడ్డు మీదుగా హాఫ్ మూన్ బే పక్కన ఉన్న పిల్లర్ పాయింట్ హార్బరుకు వెళితే, సీజనులో పడవల మీద నుంచే జాలర్లు బతికున్న పీతలను అమ్ముతారు. మామయ్యగారిని తీసుకువెళ్లి ఎంపిక ఆయనకు వదిలేయండి. ఈ తీరంలో మగ పీతలనే, అదీ వీపు వెడల్పు ఆరుంపావు అంగుళాలు దాటినవాటినే అమ్మకానికి పట్టనిస్తారు కనుక గుడ్డు పీత దొరకదని ముందే చెప్పండి, లేకపోతే ఆయన వెతుకుతూ ఉంటారు. ఎసరు ముందు రోజు కాచి పెట్టుకోండి. వైన్ వద్దనుకుంటే చేపల ముళ్ల రసం కొంచెం ఎక్కువ పోసి, దింపాక నిమ్మరసం పిండండి. చింతపండు మాత్రం వేయకండి. వేస్తే చాలా బాగుంటుంది, కానీ అప్పుడది మన పీతల పులుసవుతుంది. వడ్డించే ముందు ఎసరు మరిగించి, శుభ్రం చేసి నాలుగు ముక్కలు చేసిన పీతను, క్లామ్స్‌ను వేసి మూత పెట్టండి. క్లామ్స్ నోరు తెరవడం మొదలుపెట్టగానే చేప ముక్కలు వేసి, గరిటె పెట్టి కలపకుండా గిన్నెను పట్టుకుని కుదపండి. స్క్విడ్ వేసిన రెండు నిమిషాలకు పొయ్యి కట్టేయండి. పీతలను కొన్న రోజునే వండాలి. చచ్చిన పీతను పచ్చిగా మరునాటికి ఉంచకూడదు, వంట వాయిదా పడితే ఆ రాత్రే ఉడికించి, ఒలిచి ఫ్రిజ్‌లో పెట్టండి.